చుక్క నిలిచేదాకా

ఆగస్టు 28

కొత్త సరుకు దిగింది. లారీవాడు పొద్దున్నే పెట్టెలు గుమ్మంలో పడేసి పోయాడు. వేటకాలం దగ్గరపడితే మా తుపాకుల దుకాణానికి పెళ్లికళ వస్తుంది. వెల్డా కాఫీ పక్కన పెట్టి, కత్తితో పెట్టెలు చీల్చి, ఒక్కో పిస్తోలుకీ నూనె కాగితం విప్పుతుంటే చూడాలి. పెళ్లయిన నాటినుంచీ చూస్తున్నాను. ఇంకా చూడబుద్ధవుతూనే ఉంది.

ఈ ఏడాది పిస్తోళ్లన్నిటికీ నెత్తిన గాడి కోసి పంపారు, ఎర్ర చుక్క అద్దం బిగించుకోవడానికి. ఇదివరకు వెనక గాడి, ముందు ముల్లు, ఎదుట జింక, మూడూ ఒక్క వరసలోకి తేవలసివచ్చేది. ఇప్పుడు అద్దంలోకి చూస్తే చాలు. చుక్క ఎక్కడుంటే తూటా అక్కడికే పోతుంది. మా పాత స్నేహితుడు డ్యూయీ రోజూలాగే కాఫీకి వచ్చి, ఒకటి తిరగేసి చూసి, "ఇంకేం, గుడ్డోడు కూడా వేటకి పోవచ్చు" అన్నాడు.

"నువ్వు ఇన్నేళ్లుగా పోవట్లా?" అంది వెల్డా, తలెత్తకుండానే.

ఆమె కోసం నేను వేరేది తెప్పించాను. ఒక్క తూటా పట్టే పిస్తోలు, నడుం విరిచి తూటా పెట్టేది. గొట్టం మూరెడుంటుంది. పైన దూరాన్ని దగ్గర చేసి చూపే స్కోపు, చెయ్యి చాపి చూసే రకం. ఈ జిల్లాలో అందరూ రైఫిళ్లతో పోతే ఆమె పిస్తోలుతోనే వేటకు పోతుంది. గాలివాటం చూసుకోవాలి, సేజి పొదల్లో పాకాలి, దగ్గరికి చేరాలి. "దూరాన్నించి కొట్టడమంటే ఉత్తరం వెయ్యడం. దగ్గరికెళ్లి కొట్టడమంటే ఎదురుగా నిలబడి మాట చెప్పడం" అంటుంది.

కొత్త పిస్తోలు చూసి నా చెవి మెలిపెట్టి, లోపలికి పోయింది. అంటే బాగా నచ్చింది.

ధర చీటీలు ఆమే రాసింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నా కళ్లద్దాలు మార్పించుకోవాలి.

ఆగస్టు 31

వెల్డా కొత్త పిస్తోలు కాల్చి చూడ్డానికి రేంజికి వెళ్లాం. మొదటి తూటా నల్ల గుండ్రం నడిబొడ్డున. తర్వాతవి చెదిరాయి. స్కోపు బిగింపు వదులై ఉంటుంది. కొత్త సరుకులో మామూలే.

సెప్టెంబరు 2

బిగింపు సరిగ్గానే ఉంది. అయినా విప్పి మళ్లీ బిగించాను.

సెప్టెంబరు 6

స్కోపు మార్చాను. ఇది మంచి కంపెనీది, అద్దం ఏటినీళ్లలా ఉంది. రేపు చూడాలి.

పొద్దున పంది మాంసం ముక్కలు పెనం మీద మాడిపోయాయి. నేను దుకాణంలోంచి వాసన పసిగట్టి పరిగెత్తాను. వెల్డా పొయ్యి ముందే నిలబడి కిటికీలోంచి చూస్తోంది. "మాడుతున్నాయే!" అంటే, పెనం వైపు చూసి ఉలిక్కిపడింది. ఏదో ఆలోచనలో ఉన్నట్టుంది.

సెప్టెంబరు 7

మళ్లీ చెదిరాయి. ఆమె అలవాటుపడింది పాత రివాల్వరుకి. కొత్త పిస్తోలు బరువు ముందుకి లాగుతుంది. చేతికి పట్టు దొరకాలి, అంతే.

సెప్టెంబరు 10

స్కోపు తీసేసి ఎర్ర చుక్క అద్దం పెట్టాను. ఇక ఏ గొడవా ఉండకూడదు.

వెల్డా చెయ్యి చాచి చాలాసేపు చూసింది. కాల్చలేదు.

"ఏం?"

"చుక్క ఆడుతోంది ఆర్విడ్."

"బ్యాటరీ అయ్యుంటుంది."

"ఎత్తగానే బాగానే ఉంటోంది. కాసేపయ్యాక మొదలెడుతోంది."

"చెప్పాగా, బ్యాటరీ. వేడెక్కితే అలాగే అవుతుంది."

ఆమె పిస్తోలు దించి నావైపు చూసింది. అదేం చూపో. పిల్లి పాలు తాగుతుంటే చూసి కూడా కొట్టబుద్ధికాక వదిలేసినట్టు. "సర్లే. బ్యాటరీ మార్చు" అంది.

మార్చాను.

సెప్టెంబరు 13

టెస్ అని ఒకామె దుకాణానికి వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది. నలభై ఉంటాయేమో. తలుపు దగ్గరే ఆగిపోయి, "ఆడవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది. నేను వెల్డాని పిలిచి, గిడ్డంగిలోకి తప్పుకున్నాను. మధ్యలో చెక్కపలకల గోడే, మాటలన్నీ వినపడ్డాయి.

విడిపోయిన మొగుడు ఊళ్లోకి తిరిగొచ్చాడట. ఏమీ చెయ్యలేదు. రోడ్డవతల ట్రక్కు ఆపుకుని కూర్చుంటాడు, అంతే. ఆ 'అంతే' దగ్గర ఆమె గొంతు సన్నబడిపోయింది.

"షెరీఫుకి చెప్పారా?"

"రెండుసార్లు చెప్పాను. రోడ్డు మీద ఆగడం నేరం కాదంట."

"మూడోసారీ చెప్పండి. చెప్తానే ఉండండి. తుపాకీ ఆ తర్వాతి మాట." తర్వాత అద్దం అర తెరిచిన చప్పుడు. "ఇదొద్దు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ చిన్నదానికి దెబ్బ ఎక్కువ, చేతిలో గాడిదపిల్లలా తన్నుతుంది. ఇది పట్టుకోండి. పెద్దదే, కానీ మాట వింటుంది. ఊహూ, వేలు అక్కడ కాదు. వేలు ఎప్పుడూ ట్రిగ్గర్ బయటే, మనసు తేల్చుకునేదాకా."

"నాకు చేతులు వణుకుతున్నాయండీ."

"వణకనివ్వండి. భయపడ్డ చేతులు వణుకుతాయి. నేర్చుకుంటే ఆగుతాయి."

ఆ మాట తర్వాత అర మూసి తాళం వేసిన చప్పుడు. తుపాకీ ఇవాళ అమ్మలేదు. వచ్చే శనివారం తను ఆడవాళ్లకి నడిపే క్లాసుకి రమ్మంది, నేర్చుకున్నాకే కొనమంది. ఇలా అయితే మా దుకాణం నడిచినట్టే.

సెప్టెంబరు 17

సాయంత్రం ఏటి ఒడ్డున నడిచాం. కాటన్‌వుడ్ చెట్ల ఆకులు అప్పుడే పసుపు తిరిగాయి. ఆమె కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంచుకుంది. చలి ముందే వచ్చింది ఈసారి.

సెప్టెంబరు 20

క్లాసులో తుపాకీ పేలింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ముందు అది రాయాలి. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆడవాళ్లంతా తెల్ల గీత వెనక నిలబడి ఉన్నారు. టెస్ కూడా. వెల్డా ముందు నిలబడి, క్లాసు పిస్తోలుతో చెయ్యి చాచి చూపిస్తోంది, చుక్క ఎలా పట్టుకోవాలో, ఊపిరి ఎలా వదలాలో. చెబుతూ ఉండగానే పేలింది. తూటా బల్లకి ముందు మట్టిలో దిగింది. ధూళి లేచింది. అందరూ అది పాఠంలో భాగమే అనుకున్నారు. ఒకామె చప్పట్లు కూడా కొట్టబోయింది.

వెల్డా తుపాకీని తూటాలు ఆగే మట్టిగుట్ట వైపే ఉంచి, తూటాలు దించి, బల్లమీద పెట్టింది. ఎంత నెమ్మదిగా పెట్టిందంటే నిద్రపోతున్న పసిబిడ్డని పడుకోబెట్టినట్టు. "ఇవాల్టికి చాలు తల్లులూ. ఇంటికెళ్లండి" అంది.

ట్రిగ్గర్ తప్పే. నూటికి నూరు పాళ్లు ట్రిగ్గర్ తప్పే.

సెప్టెంబరు 21

క్లాసులో పేలిన ఆ పిస్తోలు మొత్తం విప్పాను. స్ప్రింగు, కొక్కెం, మేకు, అన్నీ భూతద్దం కింద పెట్టి చూశాను. ఏ దోషమూ లేదు.

గట్టి స్ప్రింగు వేశాను.

సెప్టెంబరు 22

గాలి. ఎవరూ రాలేదు.

సెప్టెంబరు 25

ఎర్ర చుక్క అద్దం కంపెనీకి ఫోన్ చేశాను. మంచి కుర్రాడు దొరికాడు, ఓపిగ్గా విన్నాడు. "చుక్క దానంతటది ఆడదండీ. అది అద్దంలో వెలుగు, అంతే. చెయ్యి ఎంత కదిలితే అదీ అంత కదులుతుంది. పాత గురిముల్లు చెయ్యి తప్పుల్ని దాస్తుంది, చుక్క దాచదు. ఇంతకీ ఎవరు కాలుస్తున్నారు?" అన్నాడు.

"మా ఆవిడ."

"కొత్తగా నేర్చుకుంటున్నారా?"

ఫోన్ పెట్టేశాను. పాపం, ఆ కుర్రాడి తప్పేముంది.

సెప్టెంబరు 27

మధ్యాహ్నం నేను పనిబల్ల దగ్గర ఆమె పిస్తోలు మరోసారి విప్పబోతుంటే వెల్డా వచ్చి, నా చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుని బల్లకింద పెట్టింది. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇంకేం మరలు మిగిలాయి నీకు బిగించడానికి?"

"వెల్డా, ఆ గొట్టం దగ్గర ఒక..."

"ఇదిగో." తన కుడిచెయ్యి బల్లమీద పెట్టింది. నేను భూతద్దం పెట్టుకునే దీపం కింద, సరిగ్గా నేను పని చేసే చోట. బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, కనపడని పూసని దొర్లిస్తున్నట్టు. "ఇది విప్పి చూడు. లోపం ఎక్కడుందో చెప్పు."

నేను ఆ చెయ్యి మీద నా చెయ్యి వేశాను. ఆగుతుందనుకున్నాను. నా అరచేతి కింద అది అలా కదులుతూనే ఉంది, పట్టుకున్న పిచ్చుకలా.

"ఎప్పటినుంచి?"

"వసంతం నుంచి. నీకు తెలుసు ఆర్విడ్."

"తెలీదు."

"తెలుసు. తెలుసు కాబట్టే ఇన్ని స్కోపులు మార్చావు."

డ్యూయీ తలుపు గంట మోగించుకుంటూ లోపలికి వచ్చి, మమ్మల్ని చూసి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు. అతనంత చప్పుడు చెయ్యకుండా నడవగలడని నాకిన్నాళ్లూ తెలీదు. ఆ నడక వేటలో ఉంటే ఎప్పుడో పెద్ద కొమ్ముల జింక కొట్టుండేవాడు.

అక్టోబరు 3

బిల్లింగ్స్‌లో పెద్దాసుపత్రికి వెళ్లొచ్చాం. దారంతా వాన.

అక్టోబరు 4

పార్కిన్సన్స్.

డాక్టరు చిన్నది, మా చెల్లెలి కూతురి వయసుంటుంది. వెల్డాని నడవమంది, వేళ్లు తట్టమంది, ఒక వాక్యం రాయమంది. వాసనలు తెలుస్తున్నాయా అని అడిగింది. "ఏడాదిగా తెలీదు" అంది వెల్డా. ఏడాదిగా! నాకొక్క మాట చెప్పలేదు. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగడం లేదని ఆ పిల్ల చెప్పింది. అక్షరాలు చిన్నవైపోవడం కూడా అందులో భాగమేనట.

నేను కళ్లద్దాలు మార్పించుకున్నాను పోయిన నెల్లోనే.

మాత్రలిచ్చింది. తగ్గించే మందులే కానీ పోగొట్టే మందు లేదంది. ఏళ్లు బతుకుతారు, బాగానే బతుకుతారు, కాకపోతే పద్ధతులు మార్చుకోవాలి అంది.

"తుపాకీ కాల్చొచ్చా?" అడిగింది వెల్డా. అదే మొదటి ప్రశ్న.

డాక్టరు నావైపు చూసింది. నన్నెందుకు చూడటం? "చెయ్యి మాట విన్నప్పుడే. ఒంటరిగా ఎప్పుడూ వద్దు. క్లాసులు మాత్రం..." అని ఆగింది.

"క్లాసుల సంగతి నాకు తెలుసమ్మా. పేలింది నా చేతిలోనే" అంది వెల్డా.

వచ్చేటప్పుడు ఆమే పాట పెట్టింది కారులో. నేను నడుపుతూ రోడ్డు మీదే చూపు పెట్టాను. వానకి అద్దం తుడిచే పుల్ల సరిగ్గా పనిచెయ్యలేదు, అందుకే దారి మసకగా కనపడింది.

అక్టోబరు 8

మంచం పక్క అరలోని రివాల్వరుని ఆమే తీసి నాకిచ్చింది. కాఫీ తాగుతూ, ఉప్పు అందించినంత మామూలుగా. "ఇక ఇది నీవైపు ఉండాలి. నేను ఉలిక్కిపడి లేస్తే నాకే తెలీదు ఏం చేస్తానో."

"అక్కర్లేదు వెల్డా. ఉండనీ."

"వేలు ఎప్పుడూ బయటే. నేనే కదా అందరికీ చెప్పేది? నా వేలు నా మాట వినట్లేదు. కాబట్టి తుపాకీ దూరంగా ఉండాలి. ఇందులో ఏడవడానికేముంది?"

"నేనేడవట్లేదు."

"మరి కాఫీలో ఉప్పు ఎవరు కలుపుతున్నారు?"

ఇనప్పెట్టెలో పెట్టాను.

అక్టోబరు 11

క్లాసు ఆగలేదు. ఆగుతుందనుకున్నాను.

వెల్డా ముందుగా నిలబడి అందరికీ చెప్పేసింది. ఆ రోజు పేలింది పాఠం కాదు, నా జబ్బు అని. దాచితే ఇంకో తుపాకీ పేలుతుందని. తర్వాత టెస్‌ని ముందుకి పిలిచింది. "నా నోరు బాగానే ఉంది. చేతులు నువ్వు అరువియ్యి" అంది.

అలా నడిచింది. వెల్డా చెబుతుంది, టెస్ చేసి చూపిస్తుంది. మొదట్లో టెస్ చేతులే ఎక్కువ వణికాయి. వెల్డా నవ్వి, "చూశారా, ఇద్దరం సమానం" అంది. చివరి వరసకి వచ్చేసరికి టెస్ తూటాలన్నీ కంచమంత చోటులో పడ్డాయి. ఆమె ఆ గురి అట్ట తీసి ఛాతీకి పెట్టుకుని చూసుకుంది. షెరీఫుకి మూడోసారి కూడా చెప్పిందట. ఈసారి వాళ్లు ఆ ట్రక్కు దగ్గరకెళ్లి మాట్లాడారట. తర్వాత ట్రక్కు మళ్లీ రాలేదు. రాకూడదు.

అక్టోబరు 19

గొడవైంది. రాయడం నాకిష్టం లేదు, కానీ అయింది.

వేటకి పోతానంటుంది. పిస్తోలుతోనే. నేను వద్దన్నాను. గురి తప్పితే పర్వాలేదు, సగం తగిలితేనో? కడుపులో తూటాతో జింక కొండలెక్కి పోతే? అది ఎవరికీ మంచిది కాదు, ఆమెకి అసలే కాదు. రైఫిల్ తీసుకో, ఆనించుకోడానికి కాళ్ల కర్ర పెడతాను అన్నాను.

"నాకు జింకని కొట్టడం కాదు కావాల్సింది ఆర్విడ్. దగ్గరికెళ్లడం కావాలి."

"అయితే తుపాకీ లేకుండా పోదాం."

"తుపాకీ లేకుండా పోతే అది షికారు. షికారుకి ముసలమ్మనయ్యాక పోతాను."

రాత్రి భోజనం ఎవరి గదిలో వాళ్లు.

అక్టోబరు 20

ఆమె ఒక మాట ఇచ్చింది. చుక్క నిలిస్తేనే కాలుస్తుంది. నిలవకపోతే తూటా తీసి జేబులో వేసుకుని ఇంటికి. ఎదుట ఎంత కొమ్ముల జింకైనా సరే.

వెల్డా మాట తప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఒప్పుకున్నాను.

అక్టోబరు 27

మాత్ర వేసుకున్నాక పొద్దెక్కేవేళకి చెయ్యి కాస్త మెత్తబడుతోంది. రేంజిలో ఇసకసంచి మీద ఆనించి చూశాం. బాగుంది. కానీ కొండమీద ఇసకసంచి ఎవడు మోస్తాడు? మూడుకాళ్ల కర్ర పెట్టాం. నిలబడితే ఆమె కాళ్లకి పట్టు చాలడం లేదు. నేలమీద కూర్చుని మోకాళ్ల మధ్య మణికట్లు బిగిస్తే చేతులు నిలుస్తున్నాయి, నడుం మాత్రం వెనక్కి వాలిపోతోంది.

"ఒక గోడ ఉంటే బాగుణ్ణు" అంది.

నవంబరు 2

నేనే గోడ.

ఎవరికి ముందు తట్టిందో గుర్తులేదు. ఆమె కూర్చుంది, నేను వెళ్లి ఆమె వెనక, వీపుకి వీపు ఆనించి కూర్చున్నాను. ఆమె అటు, నేను ఇటు. బరువంతా నామీదికి వదిలెయ్యమన్నాను. వదిలింది. తూటాలు మూడూ ఒకదాని భుజం మీద ఒకటి పడ్డాయి.

డ్యూయీ అట్ట తీసుకొచ్చి చూపిస్తూ, "ఆర్విడ్, నువ్వు పుట్టాక పనికొచ్చింది ఇదే మొదటిసారి" అన్నాడు.

నవంబరు 9

ఉత్తరపు లోయకి వెళ్లాం. ఒక చిన్న మగజింక వచ్చింది, చాలా దగ్గరికి. వెల్డా చాలాసేపు చూసి తూటా బయటికి తీసేసింది. "నిలవలేదు" అంది, అంతే. దిగేటప్పుడు ఈల వేసుకుంటూ దిగింది.

నవంబరు 16

మాత్ర వేసుకుని, కాస్త పొద్దెక్కనిచ్చి బయలుదేరాం. మంచు పలచగా పడింది, పొదలన్నీ పిండి చల్లినట్టున్నాయి. గాలి ఎదురుగా. తోటి వేటగాళ్లకి కనపడేలా నారింజరంగు చొక్కాలేసుకుని లోయ అంచునే పాకాం. ఆమె ముందు, నేను వెనక. మధ్యలో ఒకచోట ఆమె కాలు మొరాయించింది. మడమ నేలకి అంటుకుపోయినట్టు నిలిచిపోయింది. నేను చెయ్యి పట్టుకోబోతే తల అడ్డంగా ఊపి, నెమ్మదిగా తనే లెక్కపెట్టుకుని కదిలింది.

చిన్న మిట్ట వెనక ఆగి, గుసగుసగా, "కూర్చో" అంది.

వీపుకి వీపు ఆనించి కూర్చున్నాం. నా ఎదుట ఖాళీ కొండ, కంచె, మంచు, ఒక కాకి. ఆమె ఎదుట ఏముందో నాకు కనపడదు. అంతా ఆమె గొంతులోనే.

"ముగ్గురు ఆడవాళ్లు మేస్తున్నారు."

కాసేపాగి, "ఆయన వస్తున్నాడు. వెనకాలే. ఏం దొరతనం! మెడ చూడు ఎంత లావుందో."

చూడటానికి నాకెక్కడ కుదురుతుంది.

ఆమె ఊపిరి నా వీపులోకి వస్తోంది. పిస్తోలు నడుం విరిచి మూసిన చిన్న చప్పుడు. మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. తర్వాత ఆ వణుకు వచ్చింది. సన్నగా, ఎడతెగకుండా, వెన్నుపూసల్లోంచి పైకీ కిందికీ. నేను కళ్లు మూసుకున్నాను. నిలవలేదు, ఇక తీసేస్తుంది, ఈల వేసుకుంటూ దిగిపోతాం అనుకున్నాను. దిగిపోయినా ఏమీ కాదు, వచ్చే ఆదివారం ఉంది, ఆ తర్వాత ఇంకో ఏడాది ఉంది, ఎన్నో ఉన్నాయి అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. వణుకు ఆగడం లేదు.

"ఆర్విడ్."

"ఊఁ."

"వణకడం ఆపు."

నాకు అర్థం కాలేదు.

"నాది కాదు ముసలోడా, నీది. నేనెప్పుడో నిలిచాను. నువ్వే నా చుక్కని కదిపేస్తున్నావు."

చేతులు చూసుకున్నాను. మోకాళ్లమీద నా రెండు చేతులూ ఎండుటాకుల్లా కొట్టుకుంటున్నాయి. దవడ కూడా. సెప్టెంబరునుంచి లోపల దాచిపెట్టిందంతా ఆ లోయలో, ఆ మంచులో, ఒక్కసారే బయటపడింది.

"నాకు భయంగా ఉంది వెల్డా."

"తెలుసు. నాక్కూడా. ఊపిరి వదులు. నేను చెప్పినట్టు చెయ్యి. పీల్చు. సగం వదులు. ఆపు."

పీల్చాను. సగం వదిలాను. ఆపాను. ముందు చేతులు ఆగాయి, తర్వాత వీపు. ఇద్దరి వీపుల మధ్యా ఇక ఏ కదలికా లేదు. ఎవరి వెన్నెముక ఎవరిదో కూడా తెలియలేదు.

పిస్తోలు పేలింది. కాకి లేచిపోయింది.

ఆమె చాలాసేపు కదల్లేదు. "పడ్డాడు" అంది చివరికి. "నించున్నచోటే. ఏమీ తెలీకుండా పోయాడు."

వెళ్లి చూశాం. వెల్డా మంచులో మోకరించి జింక మెడమీద చెయ్యి పెట్టింది. వణుకు మళ్లీ వచ్చింది, వేళ్లు ఆ బొచ్చులో తమంతట తామే కదులుతున్నాయి. ఆమె తీసుకోలేదు. నిమురుతున్నట్టే ఉంది. నేను కోసి శుభ్రం చేసి, ట్రక్కుదాకా ఈడ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డ్యూయీ వస్తానన్నాడు కానీ ఇవాళ ఎవరూ వద్దనిపించింది.

ట్రక్కులో హీటరు వేశాను. ఆమె కోటు విప్పుకోబోయింది. పై గుండీ వేళ్లకి దొరకలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. ఇంకోసారి. నేను రోడ్డువైపే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని, గడ్డం పైకెత్తి నావైపు తిరిగింది.

"విప్పు" అంది.

ఒక్కొక్కటే విప్పాను. తొందరేం లేదు.